నరమామిడి వారి పెళ్ళిపెద్ద

రజాక్ చాచాకు లోకంలో ఏదీ ఒంటరిగా ఉండకూడదు. ఉంటే ఆయనకు అన్నం సహించదు. రోడ్డు మీద ఒంటి చెప్పు కనపడితే మోపెడ్ ఆపి, రెండోది ఎక్కడుందోనని తుప్పల్లో వెతుకుతాడు. దొరికితే రెంటినీ పక్కపక్కన పెట్టి, కాసేపు తృప్తిగా చూసుకుని బండెక్కుతాడు. ఆ చెప్పుల తాలూకు మనిషి మళ్ళీ వస్తాడో రాడో ఆయనకు అక్కర్లేదు.

అశ్వారావుపేటలో నా జిరాక్సు షాపూ ఆయన అగరొత్తుల కొట్టూ గోడకు గోడ. షాపు తెరిచిన కొత్తలో నేను ఒక్క కుర్చీ వేసుకున్నాను. మర్నాడు పొద్దున్నే చాచా ఇంకో కుర్చీ మోసుకొచ్చాడు.

"ఒక్కటే ఉన్నది గద వీరన్నా, బిక్కుబిక్కుమంటున్నది" అన్నాడు.

ఆ రెండో కుర్చీలో రోజంతా కూర్చునేది ఆయనే. కాబట్టి దీన్ని పరోపకారం అనాలో ఇంకేమనాలో నేనింకా తేల్చుకోలేదు. హోటల్లో ప్లేటుకు మూడు ఇడ్లీలు ఇస్తే మాత్రం చాచాకు పెద్ద చిక్కు. మూడోదానికి జత లేదు. దాన్ని తీసి నా ప్లేట్లో వేస్తాడు. ఆయనతో టిఫినుకు వెళ్ళడానికి నేనెప్పుడూ అభ్యంతరం చెప్పలేదు.

"నిఖా అయ్యి ముప్పై ఏండ్లాయె" అంటుంది రహీమున్నీసా చాచీ. "నన్ను చూసి చేసుకున్నడో, ఇంట్ల దిండు ఒక్కటే ఉన్నదని చేసుకున్నడో నాకైతే ఇంకా తెల్వది."

అగరొత్తుల పెట్టె మోపెడ్‌కు కట్టుకుని తండాలన్నీ తిరిగే మనిషి కాబట్టి, ఏ ఇంట్లో పిల్ల ఉందో ఏ ఇంట్లో పిల్లోడు ఉన్నాడో ఆయనకు కొట్టిన పిండి. చాలా సంబంధాలు కుదిర్చాడు. అంతవరకు ఊరు ఓర్చుకుంది. కిందటేడు ఎండాకాలంలో ఆయన చూపు చెట్ల మీద పడింది.

ఏం తోచక ఒకరోజు అడిగాను, అగరొత్తులకు ఆ జిగురు ఎట్లా వస్తుందని.

"నరమామిడి చెక్క" అన్నాడు చాచా. "దంచి కలుపుతరు. మా అబ్బా కాలంల అడవిల ఏడ చూసినా అదే చెట్టు. ఒలిచిండ్రు, ఒలిచిండ్రు, చుట్టూత ఒలిచేసరికి చెట్లన్నీ నిలువునా ఎండినయ్."

"ఇప్పుడెక్కడా లేవా?"

"రూప్‌సింగ్ చేను పక్కన ఉన్నది. ఒకటి." అని ఆగాడు. మొహం మారిపోయింది. "ఒక్కటే" అన్నాడు మళ్ళీ.

ఆ మాట వినగానే నాకు భయం వేసింది.

మర్నాడు చాచా రూప్‌సింగ్ తండాకు వెళ్ళాడు. ఆ చెట్టు ఏటా పూత పూస్తుంది గాని ఒక్క కాయ కాయదని రూప్‌సింగ్ భార్య బాలి చెప్పిందట. అక్కణ్ణించి ఆ పూత పట్టుకుని ఫారెస్టు రేంజ్ ఆఫీసుకు వెళ్ళి కనుక్కుంటే తేలిందేమంటే, నరమామిడిలో ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు; ఇది ఆడచెట్టు. దగ్గర్లో మగచెట్టు లేకపోతే ఆడచెట్టు కాయదు. కాయ లేకపోతే విత్తు లేదు, విత్తు లేకపోతే ఆ వంశం అక్కడితో సరి.

"కన్నెపిల్ల వీరన్నా!" అన్నాడు చాచా, కుర్చీలో కూలబడి. "తోడు లేక గట్ల నిలబడ్డది పాపం."

"వయసెంత ఉంటుంది?"

"వయసు అడగొద్దు. సంబంధం చెడిపోతది."

ఆ వారమే ఆయన కొట్లో అగరొత్తులు మాయమై సాంబ్రాణి వచ్చింది. బేరం సగానికి పడిపోయింది. ఎందుకిట్లా అని అడిగితే, "పిల్ల తోలు అమ్ముకుంట పిల్లకు పెండ్లి మాట్లాడుతర్రా ఎవరన్న?" అన్నాడు.

వరుడు తొందరగానే దొరికాడు. వాగు అవతల పాడుబడ్డ గెస్టుహౌస్ వెనక ఇంకో నరమామిడి ఉంది. చాచా ఆగలేదు. పెళ్ళికార్డులు కొట్టమన్నాడు.

"పేర్లేం రాయాలి చాచా? ఇద్దరూ నరమామిడే."

"అయితే ఏంది? చిరంజీవి నరమామిడి, చిరంజీవి సౌభాగ్యవతి నరమామిడి. కింద తండా పిల్లల పేర్లు గూడ ఎయ్యి. 'మా చెట్టు పెండ్లికి తప్పక రావాలె' అని."

కొట్టాను. పెళ్ళికి తండా అంతా వచ్చింది. డప్పులు మోగాయి, బూందీ వచ్చింది. మగపెళ్ళివారి పూలకొమ్మను తడిగుడ్డలో చుట్టి చాచా ఊరేగింపుగా తెచ్చాడు. రేంజ్ ఆఫీసు నుంచి వేడుక చూద్దామని వచ్చినాయన ఒక పువ్వు తీసుకుని వేలితో రుద్దాడు. వేలు చూసుకున్నాడు. నవ్వాపుకోలేక చెట్టు చాటుకు వెళ్ళాడు. మగపువ్వయితే వేలికి పసుప్పచ్చని పొడి అంటాలట. ఇక్కడ ఏమీ అంటలేదు.

వచ్చింది ఇద్దరూ పెళ్ళికూతుళ్ళే.

"పిల్లోణ్ణి చూడకుంటనే పెండ్లి ఖాయం చేసినోడివి దునియాల నువ్వొక్కడివే" అంది చాచీ. బూందీ వారం రోజులు తిన్నాం.

దాంతో చాచాకు బుద్ధి వస్తుందనుకున్నాను. బుద్ధి బదులు చూపుడువేలు వచ్చింది. ఈ ఏడు ఎండలు ముదిరి పూతలు మొదలయ్యాయో లేదో, మోపెడ్ మీద అడవి అంచంతా తిరుగుతూ, నరమామిడి అని ఎవరు ఏ చెట్టు చూపించినా దాని పువ్వులో వేలు పెట్టి చూశాడు. చీమలు కుట్టాయి, ఒకసారి తేనెటీగలు తరిమాయి. చివరికి ఒక మధ్యాహ్నం, ఓటేసి వచ్చినవాడిలా వేలు పైకెత్తుకుని షాపులోకి వచ్చాడు. వేలు పచ్చగా ఉంది.

"దొరికిండు!"

"ఎక్కడ?"

"దేవ్లా పొలం గట్టు మీద."

చేతిలో కాగితాలు పక్కన పెట్టాను. ఇంకెవరి గట్టు అయినా ఫరవాలేదు గాని, దేవ్లా గట్టు కష్టం. దేవ్లా బాలికి సొంత తమ్ముడు. ఆరేళ్ళ కిందట కొత్తిల్లు కట్టి, గృహప్రవేశానికి బావ రూప్‌సింగ్‌కు కార్డు వాట్సాప్‌లో పంపాడు.

"సొంత అక్కను, బావను ఫోన్ల పిలుస్తడా?" అన్నాడు రూప్‌సింగ్. "మా గడప తొక్కి పిలవనోని గడప నేను తొక్క."

"నాలుగూర్లకు గట్లనే పంపిన. బావ ఒక్కడే దొరనా?" అన్నాడు దేవ్లా.

అప్పట్నించి మాటల్లేవు. ఇద్దరి తండాల మధ్యా ఒక వాగు, రెండు మలుపులు. బాలి మాత్రం తమ్ముడి ఇంటిని ఆ వాట్సాప్ కార్డు మీది ఫోటోలో తప్ప చూడలేదు.

పైగా ఇంకో చిక్కు. దేవ్లా పామాయిల్ తోట వేస్తున్నాడు. గట్లు చదును చేయడానికి ఎల్లుండి జేసీబీ వస్తోంది. ఈ చుట్టుపక్కల చాచా వేలికి అందిన ఒక్కగానొక్క మగచెట్టు ఎల్లుండితో నేలకూలుతుంది.

చాచా నన్ను వెంట తీసుకుని బయల్దేరాడు. జత లేకుండా ఎక్కడికీ వెళ్ళడు కదా.

"దేవ్లా, మీ పిల్లోనికి సంబంధం తెచ్చిన" అన్నాడు.

"మా పిల్లోడు మూడో క్లాసు చాచా."

"వాడు గాదు. గట్టు మీదోడు."

దేవ్లా పడీపడీ నవ్వాడు. నవ్వు అయ్యేదాకా ఆగి, చాచా మెల్లగా అన్నాడు. "పిల్ల ఎవరోల్లదో అడగవా? మీ బాలక్కోల్లది."

దేవ్లా నవ్వు ఆగిపోయింది. గట్టు వైపు చూశాడు. "వాల్లే అడిగిండ్రా?"

"అడగకుంట నేనెట్లొస్త?"

అక్కణ్ణించి రూప్‌సింగ్ ఇంటికి పోయి, సరిగ్గా ఇదే మాట తిరగేసి చెప్పాడు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమన్నారు పెద్దలు. చాచా రెండింటితో సరిపెట్టాడు.

కాని వియ్యాలవారంటే వియ్యాలవారే. మొగపెళ్ళివాళ్ళు మా గడపకొచ్చి పిలవాలన్నాడు రూప్‌సింగ్. ఆడపెళ్ళివాళ్ళే ముందు రావాలన్నాడు దేవ్లా. "మా చెట్టు ఎంత పొడుగు, వాల్లదెంత?" అని ఒకరు, "మా చెట్టుకు ఒక్క గాటు లేదు, వాల్లదానికి ఒలిచిన మచ్చ ఉన్నదట" అని ఒకరు. అంతవరకు ఆ చెట్లను ఆ ఇద్దరూ ఒక్కరోజైనా సరిగ్గా చూసి ఉంటారని నేననుకోను.

సాయంత్రం చాచా షాపుకొచ్చి కార్డులు కొట్టమన్నాడు.

"ఎన్ని?"

"రెండు."

"రెండేనా?"

"ఒకటి గీ ఇంటికి, ఒకటి గా ఇంటికి."

"దానికి కార్డులెందుకు చాచా, టైం లేదంటున్నావు. వాట్సాప్‌లో పంపిస్తా, జల్దీ పని అయిపోతుంది."

చాచా నా వైపు చూసినంత జాలిగా ఒంటి చెప్పు వైపు కూడా ఎప్పుడూ చూడలేదు. "చేతికియ్యాలె" అన్నాడు.

ఎదుటివాళ్ళ చేతికివ్వాల్సిన ఆ రెండు కార్డులూ మర్నాడంతా ఎవరి ఇంట్లో వాళ్ళ దగ్గరే ఉండిపోయాయి. ముందు ఎవరు కదలాలన్నదే పేచీ. జేసీబీ రావలసిన పొద్దున చాచా, నేను రూప్‌సింగ్ వాకిట్లో నిలబడి ఉన్నాం. రూప్‌సింగ్ మంచం మీద అటు తిరిగి కూర్చున్నాడు. లోపల్నించి బాలి వచ్చింది. కొత్త చీర కట్టుకుంది. భర్త తలగడ కింది నుంచి కార్డు లాగింది.

"మీ మొగోల్ల పంతాలు మీరు చూసుకోండ్రి. నా బిడ్డ పెండ్లి. నేను పోతున్న" అని వచ్చి నా స్కూటర్ ఎక్కింది.

దారంతా అద్దంలో వెనక రూప్‌సింగ్ బండి కనిపిస్తూనే ఉంది, బాగా దూరంగా, ఏదో వేరే పని మీద పోతున్నట్టు.

మేము వెళ్ళేసరికి జేసీబీ గట్టు దగ్గర ఆగి ఉంది. డ్రైవర్ టీ తాగుతున్నాడు. దేవ్లా అక్కను చూసి ఉన్నచోటే నిలబడిపోయాడు. బాలి చెప్పులు విడిచి, గడప ముందు నిలబడి, రెండు చేతుల్తో కార్డు ఇచ్చింది.

"మా పిల్ల పెండ్లి. ఇంటిల్లిపాది రావాలె" అంది.

దేవ్లా కార్డు తీసుకున్నాడు. చదువుతున్నట్టు చాలాసేపు దానివంకే చూశాడు. తలకిందులుగా పట్టుకున్నాడని నేను చెప్పలేదు.

"లోపలికి రా అక్కా" అన్నాడు.

బాలి లోపలికి వెళ్ళింది. ఇక ఆమె గొంతు ఒక్కో గదిలోంచి వినపడింది. "పొయ్యి గీడ పెట్టినవేందిరా, పొగంత ఇంట్లకే గద!" "దేవుడి గూడు గింత కిందికా?" "గీ కిటికీ ఎవడు పెట్టమన్నడు?" ఆరేళ్ళ తిట్లు బాకీ ఉన్నాయి మరి. దేవ్లా వెనకాలే తిరుగుతూ "అవ్ అక్కా, అవ్ అక్కా" అంటున్నాడు. ఆ ఇంటికి అసలైన గృహప్రవేశం అదేనని నాకనిపించింది.

రూప్‌సింగ్ మాత్రం గేటు బయట బండి మీదే కూర్చుని, ఆకాశం వైపు చూస్తున్నాడు. దేవ్లా లోపల్నించి తన కార్డు పట్టుకుని వచ్చాడు. గేటు దాటాడు. బావ ముందు నిలబడి కార్డు చేతిలో పెట్టాడు.

"బావా, మా పిల్లోని పెండ్లి. లోపలికి రా."

"ఫోన్ల పంపకపోయినవా?" అన్నాడు రూప్‌సింగ్.

"సిగ్నల్ లేదు బావా."

రూప్‌సింగ్ మీసం కదిలింది. బండి స్టాండ్ వేశాడు. దేవ్లా గట్టు వైపు తిరిగి అరిచాడు. "అన్నా, ఆ చెట్టును ముట్టకు! పెండ్లికొడుకు!"

డ్రైవర్‌కు ఏమీ అర్థం కాలేదు. ఇంకో టీ అడిగాడు. రెండు టీలు వచ్చాయి. చాచా ఇంట్లోకే రాలేదని అప్పుడు గమనించాను. గట్టు మీద చెట్టు కింద నిలబడి, పూలకొమ్మ ఒకటి కోసి తడిగుడ్డలో చుట్టుకుంటున్నాడు.

"చాచా, లోపలికి రావా? పెళ్ళిపెద్దవి."

"గిప్పుడు నాకేం పని?" అన్నాడు. "లోపల పని అయింది. ఇగ చెట్ల పనే మిగిలింది."

ఆ మాట విన్నాక నాకు తట్టింది. కొమ్మ కోసి, తడిగుడ్డలో చుట్టి, మోపెడ్ మీద తీసుకుపోయి, ఆ పూలను ఈ పూలకు రాయడం అరగంట పని. చెట్టును కాపాడాలన్నా దేవ్లాను బతిమాలితే ఒప్పుకునేవాడే, మంచివాడు. దానికి కార్డు అక్కర్లేదు, చేతికివ్వడం అక్కర్లేదు, రెండు అబద్ధాలూ అక్కర్లేదు. ఇన్నాళ్ళూ ఈయన ఒంటరి చెట్టుకు తోడు వెతుకుతున్నాడనుకున్నాను. ఆ తండాలో ఒంటరిగా ఉన్నది చెట్టొక్కటే కాదని ఆయనకు ఎప్పుడో తెలుసు. నేను ఆయన్ని చూసి నవ్వుకున్న రోజులన్నీ గుర్తొచ్చి, ఆయన మీద చెప్పలేనంత ఇష్టం కలిగింది. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. చెబితే, పెళ్ళి కానివాణ్ణి కదా, నాక్కూడా ఏదో ఒక జత తెస్తాడు.

ఆ సాయంత్రమే రెండిళ్ళవాళ్ళ ముందూ చాచా ఆ పూలను ఈ పూలకు రాసి పెళ్ళి కానిచ్చాడు. వానలు పడ్డాక పెళ్ళికూతురు కాసింది. ముందు ఆకుపచ్చగా, తర్వాత నల్లగా, గుత్తులు గుత్తులుగా. చెక్క ఒలిచేవాళ్ళు కొడవళ్ళతో వస్తే బాలి కర్ర పట్టుకుని నిలబడింది.

"కడుపుతోటి ఉన్న పిల్ల. చెయ్యేసి చూడు!"

వాళ్ళు మళ్ళీ రాలేదు. అటు దేవ్లా పామాయిల్ మొక్కలన్నీ వరసగా నాటి, పెళ్ళికొడుకు చుట్టూ మాత్రం ఖాళీ వదిలాడు. ఎవరైనా అడిగితే "మా వియ్యంకుడు ఊకోడు" అంటున్నాడు. వియ్యంకుడు ఆదివారం ఆదివారం వచ్చి చెట్టును చూసి, కోడికూర తిని పోతున్నాడు.

మొన్న చాచా వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. బాలి పెరట్లో పాత బకెట్లలో విత్తులు మొలిచాయట. ఆకులు విప్పుకున్నాయట.

"వీరన్నా, తొట్టెల ఫంక్షన్. పిల్లలను ఉయ్యాలల ఎయ్యాలె. రెండు కార్డులు కొట్టు."

"వాట్సాప్‌లో పంపుదామా చాచా?" అన్నాను కావాలనే.

ఆయన చూశాడు, ఆ చూపే. నేను కార్డులు కొట్టి ముందు పెట్టాను. ఆయన లెక్క చూసుకుని, "గిదేంది, మూడున్నయ్? మూడోదానికి జత లేదు" అన్నాడు.

"మొదటి పెళ్ళికి నన్ను పిలవలేదు, రెండో పెళ్ళికీ పిలవలేదు. కార్డులు కొట్టేవాణ్ణి, స్కూటర్ నడిపేవాణ్ణి. గడప తొక్కి పిలవనివాళ్ళ ఫంక్షనుకు నేను రాను."

చాచా లేచాడు. మూడో కార్డు పట్టుకుని షాపు బయటికి వెళ్ళాడు. మెట్టు మీద చెప్పులు విడిచి, వంగి రెంటినీ జతగా సర్దాడు. అప్పుడు గడప దాటి లోపలికి వచ్చి, రెండు చేతుల్తో కార్డు నాకిచ్చాడు.

"మా పిల్లల తొట్టెల ఫంక్షన్. తప్పకుంట రావాలె" అని, ఒక్క క్షణం ఆగి, "ఒక్కడివే రాకు" అన్నాడు.