వెనకద్దం ముక్కలూ చపాతీ పిండీ

అవనిగడ్డ నుంచి బందరు వెళ్లే షేరు కారండీ. చల్లపల్లిలో డ్రైవరు డిక్కీలో రొయ్యల పెట్టె కుక్కి తలుపు దబాలున వేశాడు. వెనకద్దం జలజలా సీటు మీదకి రాలిపోయింది. అక్కడే షాపులో కొత్త అద్దం వేయించి, సీటు చీపురుతో దులిపి, ఎక్కమన్నాడు.

చంటిపిల్లని ఎత్తుకున్న ఒక అమ్మాయి ఎక్కనంది. "పిల్లకి గుచ్చుకుంటేనో?"

"ఏం కనపడట్లేదుగా అమ్మా!" అని డ్రైవరు విసుక్కున్నాడు.

నాకు చదువు లేదు గానీ, మా ఆయన పోయాక ఇరవయ్యేళ్లు ఇంటింటికీ తిరిగి గాజులమ్మినదాన్ని. పగిలిన గాజు పలుకుల్ని ఎలా ఏరాలో నాకు తెలుసు. పక్క హోటల్లో చపాతీ పిండి అడిగి తెచ్చాను.

"కారులో చపాతీలు వత్తుతావా పిన్నీ?" అని నవ్వాడు డ్రైవరు.

సీటు కుట్ల వెంట పిండి ముద్దని అద్దుకుంటూ పోయి వాడికి చూపించాను. ముద్దంతా గాజు పలుకులే. "తిను నాయనా" అన్నాను.

రెండో ముద్దకి ఒక్క పలుకూ అంటలేదు. ఆ అమ్మాయి ముద్దని చూసింది, నన్ను చూసింది. పిల్ల కింద వేద్దామని తీసిన దుప్పటిని మళ్లీ సంచిలో పెట్టేసి, వట్టి సీటు మీదే పిల్లని పడుకోబెట్టింది.

బందరు దాకా పిల్ల కదల్లేదండీ. నేను కిటికీలోంచి బయటికే చూడలేదు, ఆ నిద్రనే చూస్తూ కూర్చున్నాను.