బిడ్డ ఉపవాసం, గొంతు గోలీ

నా బిడ్డకు రెండోసారి కడుపు నిలిచిందని తెలిసిన రోజు నుంచి నాకు అన్నం సరిగా దిగలేదు. మొదటిది మూడో నెలలోనే పోయింది. అప్పుడు నెత్తురు పరీక్ష చేసి గొంతు దగ్గర తయారయ్యే థైరాయిడ్ తక్కువుందన్నారు. రోజూ పొద్దున్నే పరగడుపున ఒక గోలీ వేసుకోమన్నారు. అల్లుడు పట్నంలో కూలి పనిలో ఉన్నాడు. మా ఆయన పోయాక నారాయణఖేడ్ ఇంట్లో నేనొక్కదాన్నే, అందుకే బిడ్డను నా దగ్గరే పెట్టుకున్నాను.

ఐదో నెలలో దవాఖానకు పోతే డాక్టరమ్మ కాగితం చూసి మొహం ముడుచుకుంది.

"గోలీ ఏస్కుంటున్నవా?"

"ఏస్కుంటున్న మేడం."

"మరి నెత్తుర్ల కనవడ్తలేదేంది?"

ఆ గోలీ అంత అవసరమా అని నేనే అడిగాను.

"గోలీల ఉన్న హార్మోను గిట్ల నెత్తుర్ల తిరిగి, ఒక్కొక్క కణం లోపలికి పోతది. ఆడ జన్యువులుంటయి, అయ్యఅవ్వల నుంచి వచ్చినయి. ఏది పనిల దిగాలె, ఏది ఊకోవాలె అని గీ హార్మోనే చెప్తది. అట్ల చెప్తేనే మెదడు మంచిగ కట్టుకుంటది. కడుపుల పిల్లకు ఇంకా తల్లి హార్మోనే కావాలె."

నాకు మా జొన్నకోత గుర్తొచ్చింది. కొడవళ్ళు అందరి చేతుల్లో ఉంటాయి. ఏ సాలు ఎవరిదో పెద్దకూలీ వచ్చి చెప్పేదాకా అందరూ గట్టు మీదే కూర్చుంటారు. లోపలి పసిదాని తలకాయలో కూడా అట్లాగే కూర్చున్నారేమో అనిపించింది.

బస్టాండులో కూర్చున్నాక బిడ్డ అసలు సంగతి చెప్పింది. నేను చీకటితోనే కోతకు పోయి పొద్దుగూకినాక వస్తాను కాబట్టి నాకు తెలియలేదు. ఈస్టర్ ముందటి నలభై దినాలు లేచినప్పటి నుంచి రాత్రి దాకా ఉపవాసం ఉంటానని, ఈ కడుపు నిలవాలని మొక్కుకుందట.

"మరి గోలీ?"

"రాత్రి నీతోని తిన్నంక ఏస్కుంటున్న."

"తిన్నంక ఏస్కుంటే ఒంటికి పట్టదని చెప్పలే? గోలీ తిండా బిడ్డా?"

"నీళ్ళు దిగినా ఉపవాసం పోయినట్టే. మొక్కు తప్పితే మల్ల పోతదేమో అమ్మా."

దానికి ఆ భయం, నాకు ఈ భయం. ఇద్దరం ఏడ్చాం. చివరికి నేనే అన్నాను, "మిగిలిన దినాలు నీ బదులు నేనుంట. నువ్వు నా కడుపుల నుంచి వచ్చినవని దేవునికి తెల్వదా?"

"కోతల ఎట్లుంటవే, కండ్లు తిరిగి పడ్తవ్."

"పడితె పడ్త. నువ్వు మింగు."

మరునాడు నేను పొలానికి పోయేముందు, నా కళ్ళ ముందరే మింగింది. ఆ రోజు నుంచి ఉపవాసం నాది, దాని మొహం చూడటమే నా పని. ఇది సూదిలాగ వెంటనే తెలిసే మందు కాదట. లోపలికి హార్మోను మాట చేరి, పని మొదలై, బయటికి తెలియడానికి వారాలు పడుతుందన్నారు. నేను రోజూ అడిగేదాన్ని. "ఏమన్న తెలుస్తుందా?" "నువ్వు పరేషాన్ చేస్తున్నవ్, గదొక్కటే తెలుస్తుంది," అనేది.

తరువాతి పరీక్ష బాగానే వచ్చింది. కానీ గోలీ పట్టకుండా పోయిన ఆ దినాల సంగతేమిటని అడిగితే, "పుట్టినంక సూద్దాం" అన్నది డాక్టరమ్మ. ఆ మాటే మోసుకుంటూ మిగిలిన నెలలు గడిపాను.

ఆడపిల్ల పుట్టింది. మడమ దగ్గర నెత్తురు తీసి పరీక్షకు సంగారెడ్డికి పంపారు. ఆ హార్మోను తక్కువైన పిల్లలు ఎప్పుడూ మత్తుగా నిద్రపోతారని, పాలు సరిగా తాగరని చెప్పారు. ఇక నా మనవరాలు కన్ను మూస్తే చాలు, నేను అరికాలు గీకి లేపేదాన్ని. ఏడిస్తే నాకు ఊపిరి ఆడేది.

కాగితం వచ్చింది. పిల్ల నెత్తురు బాగుందన్నారు. అయినా ముందుముందు ఎట్లా ఉంటుందోనని ఆ సాయంత్రం కూడా నా వేలు నిద్రపోతున్న దాని అరికాలు దగ్గరికే పోయింది. బిడ్డ నా చేయి పట్టుకుని పక్కకు తీసింది.

"ఇగ పండనియ్యే అమ్మా. అందరు పిల్లలు పండుతరు."