తిరిగొచ్చిన పళ్లేలు

ఆబిదా మదనపల్లెలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పన్నెండేళ్లుగా రోగులకు భోజనం అందిస్తోంది. వంటగదిలో నింపిన పళ్లేలను బండిలో వార్డుకు తోసుకెళ్లడం, గంట తర్వాత తిరిగి తెచ్చుకోవడం ఆమె పని. రోగుల సంగతి ఆమెను ఎవరూ అడగరు.

మూడేళ్ల కిందట పుంగనూరు నుంచి పాపయ్య అనే రైతును పక్షవాతంతో తీసుకొచ్చారు. మాట పడిపోయింది. ముద్ద పెట్టినా దగ్గే, నీళ్లు పోసినా దగ్గే. భార్య శారదమ్మ బతిమాలి, గడ్డం పట్టుకుని పెట్టేది. పొద్దుటి ఇడ్లీ, మధ్యాహ్నం సాంబారన్నం దాదాపు అట్లాగే తిరిగొచ్చేవి. ఐదో రోజు ఆబిదా నర్సుకు చెప్పింది. తినిపించుకోవలసింది ఇంటివాళ్లేనని చెప్పి నర్సు తన పనిలో పడింది. డాక్టర్లు తలకు స్కాను తీశారు, బీపీ చూశారు. బరువు చూసినవాళ్లు లేరు. పదకొండో రోజు పాపయ్య చనిపోయాడు. ఊపిరితిత్తులకు నెమ్ము చేరిందన్నారు. దుప్పటి తీస్తున్నప్పుడు పుల్లల్లాంటి ఆ చేతులు చూసి ఆబిదాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

ఆ తర్వాత ఆమె ఏ మంచం నుంచి ఎంత అన్నం మిగిలి వచ్చిందో ఒక నోటుబుక్కులో రాయసాగింది. ఎవరికి చూపించాలో మాత్రం తెలియలేదు. కుప్పం అమ్మాయి మమత డైటీషియన్‌గా చేరాక ఆ పుస్తకం ఆమె కంటబడింది. దాని ఆధారంగా ఒక అధ్యయనం రాసి, బెంగళూరులో జరిగే అంతర్జాతీయ వైద్య సదస్సుకు పంపింది. అక్కడికి ఆబిదానూ వెంట తీసుకెళ్లింది.

చల్లటి పెద్ద హాలులో ఏయే దేశాల డాక్టర్లో ఇంగ్లీషులో మాట్లాడుతుంటే మమత చెవిలో తెలుగు చేసి చెప్పింది. పక్షవాతం వచ్చినవాళ్లకు మొదటి రోజే చెంచాడు నీళ్లతో మింగుడు సరిగా ఉందో లేదో చూడాలట. మింగుడు సరిగా లేకపోతే తిండి ఊపిరితిత్తుల్లోకి పోతుందట. అట్లాంటివాళ్లకు ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి ఆహారం పంపాలట.

"అంత సులువా?" అంది ఆబిదా.

"సులువే అక్కా. చూసేవాళ్లుండల్ల."

మమత పనిని అందరూ మెచ్చుకున్నారు. ఆబిదాకు ఫొటోలు తీశారు. ఆమెకు నవ్వు రాలేదు. నోటుబుక్కులో పాపయ్య లేడు. అది మొదలైంది ఆయన పోయాకే.

మరుసటి ఆదివారం ఆబిదా పుంగనూరు వెళ్లింది. తెలిసింది దాచుకోవడం తప్పనిపించింది. శారదమ్మ మండీలో టమాటాలు ఏరుతోంది. ఆబిదా పక్కన కూర్చుని అంతా చెప్పింది. శారదమ్మ చేతులు ఆగిపోయాయి.

"అట్లయితే నేను బలవంతంగా పెట్టిన ముద్దలే ఆయప్పను తీసకపోయినాయా?"

ఆబిదా ఈ మాట ఊహించలేదు. "నీ తప్పేముండాది అమ్మా. నీకెవురూ చెప్పలేదు."

"నీకు తెల్సునా?"

"ఇదంతా తెలీదు. తినలేదని తెల్సు. ప్లేట్లు తీసకపోయింది నేనే. నర్సుకు ఒక్కసారి చెప్పినా. మళ్లీ చెప్పలేదు."

శారదమ్మ తిట్టలేదు, ఏడవలేదు. మళ్లీ టమాటాలు ఏరుతూ, బస్సుకు పొద్దుపోతుందని మాత్రం అంది.

ఇప్పుడు మమత చొరవతో మదనపల్లె ఆసుపత్రిలో పక్షవాతం రోగులకు ముందు నీళ్ల పరీక్ష చేస్తున్నారు. ముక్కుగొట్టంతో కోలుకుని నడిచి ఇంటికెళ్లినవాళ్లూ ఉన్నారు. ఆబిదా మరో రెండుసార్లు పుంగనూరు వెళ్లింది. మొదటిసారి ఇంటికి తాళం వేసి ఉంది. రెండోసారి మండీలో శారదమ్మ ఆమెను చూసి, గంప ఎత్తుకుని అవతలి వరుసలోకి వెళ్లిపోయింది.