మా లాడ్జిలో పదహారో పోర్టు

దెయ్యాల మాట ఎవరన్నా ఎత్తితే నేను వాదించేవాణ్ణి కూడా కాదు. లేచి బయటికి పోయేవాణ్ణి. ఆదోనిలో ఒక ప్రైవేటు స్కూల్లో చాలా ఏళ్ళు లెక్కలు చెప్పినాను. రుజువు లేని మాట నోట్లోకి రానీయకూడదని పిల్లలకు చెప్పినవాణ్ణి. ఇప్పుడు కూడా నమ్ముతానని అనడం లేదు. నా కళ్ళ ముందర జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

ఎమ్మిగనూరు రోడ్డులో మాకు చిన్న లాడ్జి ఉంది. మంత్రాలయం పోయే యాత్రికులు, మార్కెట్ యార్డుకు పత్తి తెచ్చే రైతులు, ఆస్పత్రి పని మీద వచ్చే పెద్దవాళ్ళు దిగుతుంటారు. దాన్ని కట్టించింది మా అన్న ఈరన్న. వైఫై తీగలు, కెమెరాల తీగలు కూడా మనుషులను పెట్టి కొన్ని, తానే నిచ్చెన ఎక్కి కొన్ని లాగినాడు. ఏ పనికీ, ఏ మాటకీ తొందరపడే మనిషి కాదు.

పోయిన ఏడాది ఎండాకాలంలో అన్న చనిపోయినాడు. పై అంతస్తు చివర ఒక గదిని ఆఫీసుగా పెట్టుకోనుండె. మధ్యాహ్నం ఆ గదిలోనే గుండె పట్టుకొని పడిపోయినాడు. సాయంత్రం దాకా ఎవరికీ తెలియలేదు. ఆ చివరకు పనుంటే తప్ప ఎవరూ పోరు. ఇంకా ముందు చూసుంటే బతికేవాడా అని మా వదిన సరోజమ్మ డాక్టరును ఒకే ఒక్కసారి అడిగింది. చెప్పలేమమ్మా అన్నాడాయన. వదిన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

నేను స్కూలు మానేసి లాడ్జి చూసుకోవడం మొదలుపెట్టినాను. అన్న గదికి సున్నం కొట్టించి, కంప్యూటరు తీసేసి, గోడలోంచి వచ్చే నెట్టు తీగను కత్తిరించి, పాత పరుపులు వేసి తాళం పెట్టినాము.

కొన్నాళ్ళకు చిప్పగిరి నుంచి వచ్చిన ఒక మనిషి కౌంటరు దగ్గరికొచ్చి తన ఫోను నా ముందర పెట్టినాడు.

“సార్, మీ వైఫై పెట్టుకుంటే మీ కెమెరాలు నా ఫోన్లో కనపడతాండాయి. ఎవురికన్నా కనపడతాయేమో, సూసుకోండి.”

చూస్తే మొదటి అంతస్తు వరండా. ఆ నిమిషంలోనే ఒక అమ్మాయి గది తలుపు తీసి బట్టలు ఆరేయడానికి బయటికొచ్చింది. బ్యాంకులో కొత్తగా చేరిన ఇద్దరు ఆడపిల్లలు ఆ గదిలో నెలల తరబడి ఉంటున్నారు. వాళ్ళ అమ్మానాన్నలు మమ్మల్ని చూసి, మా మీద నమ్మకంతో వదిలిపోయినారు. చెప్పినవాడు మంచివాడు. చెప్పకుండా చూసినవాళ్ళు ఎందరో నాకెట్లా తెలుస్తుంది?

నెట్టు కనెక్షన్ ఇచ్చినవాణ్ణి అడిగితే వైఫై పాస్‌వర్డు మార్చమన్నాడు. మార్చినాను. అయినా కనపడింది, ఎందుకంటే గిరాకీకి, అంటే దిగినవాళ్ళకు, మళ్ళీ ఆ పాస్‌వర్డే కదా చెప్పాలి. చివరికి తెలిసినవాళ్ళు ఎమ్మిగనూరు వాణి పేరు చెప్పినారు. మగ్గాల ఇంటి పిల్ల. బెంగళూరు కంపెనీలో నెట్‌వర్కు ఇంజనీరు, ఇంటి నుంచే పని చేస్తుంది. ఫోన్లో అంతా వినింది. ఒక కొత్త స్విచ్చి కొనిపెట్టమని చెప్పి, ఆదివారం పొద్దున బస్సులో వచ్చింది.

స్విచ్చి అంటే లైటు స్విచ్చి కాదు. అన్ని గదుల తీగలూ వచ్చి చేరే పెట్టె. మెట్ల కింద చిన్న అరలో ఉంటుంది. తీగ పెట్టే ఒక్కో రంధ్రం ఒక పోర్టు. అవతల వస్తువు పని చేస్తుంటే ఆ పోర్టు మీద పచ్చ లైటు వెలుగుతుంది.

“ఇప్పుడు అందరూ ఒకే ఇంట్లో ఉండారన్నా,” అని వాణి వివరించింది. “గిరాకీ, కెమెరాలు, మీ బిల్లుల కంప్యూటరు. వేరు కాపురాలు పెట్టిస్తా. ఇల్లు ఒకటే, వాకిళ్ళు వేరు. ఒకరింట్లో ఏముందో ఇంకొకరికి కనపడదు. దీన్నే వీలాన్ అంటారు.”

ఒక్కో తీగ ఏ గదిదో కనుక్కుంటూ పోయినాము. ఆమె కింద తీగ పీకుతుంది, నేను పైన ఏది ఆగిందో చూసి కేక వేస్తాను. చివరికి పదహారో పోర్టులో ఉన్న నీలం తీగ మిగిలింది. అది పీకితే ఏదీ ఆగలేదు. కానీ మళ్ళీ పెడితే దాని లైటు మాత్రం వెలుగుతోంది.

ఇది యాడికి పోతుందన్నా అని వాణి అడిగింది. అన్న గదికి పోయేది, కత్తిరించినామని చెప్పినాను.

“కత్తిరిస్తే లైటు రాదే,” అనింది. వాడని పోర్టు తెరిచి పెట్టకూడదని లాప్‌టాప్‌లోంచి దాన్ని మూసేసింది. లైటు ఆరింది.

టీ తాగి వచ్చేసరికి మళ్ళీ వెలుగుతోంది.

సేవ్ చేయడం మరిచిపోయినానేమో అనుకొని మళ్ళీ మూసింది. మేమిద్దరం చూస్తుండగానే మళ్ళీ వెలిగింది. పెట్టె కొత్తది, లోపమేమో అన్నాను. వాణి ఆ తీగను పీకి వేరే పోర్టులో పెట్టింది. అక్కడా వెలిగింది. పదహారో పోర్టులో వేరే తీగ పెట్టి చూసింది. అది మామూలుగానే ఉంది. అంటే సంగతి పెట్టెలో లేదు, తీగలో ఉంది. నీలం తీగను మళ్ళీ పదహారులోనే పెట్టింది. అవతల ఏ వస్తువు ఉందో లాప్‌టాప్‌లో వెతికింది. ఫోనైనా టీవీ అయినా ఏదో ఒక అడ్రసు కనపడాలంట. ఏమీ లేదు. లైటు మాత్రం టపటపా కొట్టుకుంటోంది.

“అన్నా, పైకి పోయి సూద్దాం,” అనింది. ఆమె గొంతులో అంతవరకూ ఉన్న చలాకీతనం లేదు.

కౌంటరులో ఉండే ఉసేనప్పను లైటు దగ్గర నిలబెట్టి, ఇద్దరం పైకి పోయి అన్న గది తాళం తీసినాము. పరుపులు, దుమ్ము. గోడ పక్కన నీలం తీగ కొస వేలాడుతోంది. దానికి ఏమీ తగిలించి లేదు. వాణి ఉసేనప్పకు ఫోను చేసింది.

“ఎలుగుతాందమ్మా. ఇంకా బిరబిరా కొట్టుకుంటాంది,” అన్నాడాయన.

వాణి బ్యాగులోంచి కత్తెర తీసి ఆ కొసను ఇంకొంచెం కత్తిరించింది. ఇంకా వెలుగుతోందనే అన్నాడు. ఆమె తీగను కింద పెట్టేసి, చేతులు చున్నీకి తుడుచుకుంది. అప్పుడే నాకు పక్క గదిలోంచి నీళ్ళ చప్పుడు వినిపించింది. కొళాయి వదిలేసి పోయినట్టు.

పక్క గదిలో హొళగుంద నుంచి వచ్చిన బసవరాజప్ప ఉన్నాడు. రిటైరైన మాస్టరు, కంటి పరీక్షకు ఒక్కడే వచ్చినాడు. తలుపు తట్టినాను. పలకలేదు. గట్టిగా పిలిచినాను. పనిపిల్లోడి చేత కింది నుంచి ఇంకో తాళంచెవి తెప్పించి తీసినాము. గదిలోకి నీళ్ళు వచ్చేసినాయి. ఆయన బాత్రూంలో పడిపోయున్నాడు. తల పగిలి, నీళ్ళు ఎర్రగా పారుతున్నాయి. ఊపిరి ఉంది. మాస్టరు గది తలుపు తీసినాము, ఆటో పిలువు అని ఉసేనప్పకు ఫోన్లో అరిచినాను.

వాణి తన చున్నీ ఆయన తలకు గట్టిగా అదిమి పట్టుకుంది. ఆటోలో ఒళ్ళో పడుకోబెట్టుకొని ఆస్పత్రికి తీసుకుపోయినాము. ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరు చెప్పినాడు. ఆ రోజు ఆ చివరకు పోవలసిన పని మాలో ఎవరికీ లేదు.

లాడ్జికి తిరిగొచ్చి చూస్తే లైటు ఆరిపోయుంది. ఎప్పుడు ఆరిందని ఉసేనప్పను అడిగినాను. మీరు ఆ ముసలాయన గది తలుపు తీసినామని ఫోన్లో అరిచినారే, అప్పుడే అన్నాడు.

వాణి ఆ తీగకు రెండు కొసల్లోనూ టెస్టరు పెట్టి చూసింది. బాగున్న తీగకైతే దానిమీద వరసగా దీపాలు వెలుగుతాయి. ఒక్కటీ వెలగలేదు. ఇంకోసారి చూసింది. తర్వాత నా దిక్కు తిరిగి, ఇది కొస కత్తిరించినందుకు కాదన్నా, గోడలోనే యాడో తెగిపోయింది, కింద కొసకూ పైన కొసకూ సంబంధమే లేదు అనింది.

మరి పొద్దున వెలిగిందేమిటని అడిగినాను. తెలియదన్నా అనింది. తెలియని సంగతిని తెలిసినట్టు చెప్పే మనిషి కాదు ఆమె.

రెండు రోజుల తర్వాత వదిన, నేను ఆస్పత్రికి పోయినాము. బసవరాజప్ప లేచి కూర్చున్నాడు. ఆయన మాటల్లో సగం కన్నడం. వదిన ఫ్లాస్కులోంచి పాలు పోసిస్తుంటే తనంతట తానే చెప్పినాడు.

“తలుపు అవతల ఎవురో నిలబడి మాట్లాడతానే ఉండెనమ్మా. బర్తారె, బర్తారె, కణ్ణు ముచ్చబ్యాడ అని. ఆ మాట ఇనుకుంటా కండ్లు తెరుసుకోనుంటి.”

వస్తారు, కళ్ళు మూయొద్దు అని దాని అర్థం. మా అన్నకు కన్నడం బాగా వచ్చు. నాకూ వచ్చు, ఉసేనప్పకూ వచ్చు, ఈ పక్క చాలామందికి వచ్చు. కాబట్టి అది రుజువు కాదు. తలకు దెబ్బ తగిలినవాళ్ళకు ఏవేవో వినపడతాయని డాక్టరు కూడా అన్నాడు.

వదిన పాల గ్లాసు ఆయన చేతిలో పెట్టి, “గొంతు ఎట్ల ఉండె?” అని అడిగింది.

ఆయన పాలు ఒక గుక్క తాగి చెప్పినాడు. “తొందర లేని గొంతు, తల్లీ.”

వదిన ఆయన కాళ్ళ మీది దుప్పటి సర్ది, బయటికొచ్చి, ఆటో ఎక్కేదాకా నా చెయ్యి పట్టుకునే ఉంది.

మరుసటి ఆదివారం వాణి వచ్చి మిగిలిన పని పూర్తి చేసింది. గిరాకీ ఫోన్లలో కెమెరాలు కనపడటం ఆగిపోయింది. బ్యాంకు అమ్మాయిలను కూర్చోబెట్టి జరిగింది దాచకుండా చెప్పినాను. ఒకమ్మాయి చాలాసేపు ఏడ్చింది. తర్వాత ఇద్దరూ ఉండటానికే ఒప్పుకున్నారు.

చివరగా పదహారో పోర్టు దగ్గర వాణి ఆగింది. పద్ధతి ప్రకారం దాన్ని మూసేయాలి, ఏం చేయమంటారని అడిగింది. నేను నోరు తెరిచేలోపు వెనక నుంచి వదిన గొంతు వినిపించింది.

“మూయొద్దమ్మా.”

వాణి ఆమెను చూసి తల ఊపింది. ఆ ఒక్క పోర్టుకే వేరుగా ఒక వీలాన్ పెట్టింది. దానిలోంచి ఎవరూ కనపడరు, అది ఎవరికీ కనపడదు. భద్రతకు ఏ లోటూ లేదు, కానీ తెరిచే ఉందని వదినకు అర్థమయ్యేటట్టు చెప్పింది.

ఆ లైటు మళ్ళీ వెలగలేదు. తెగిన తీగ ఆ పొద్దున ఎట్లా వెలిగిందో, ఎందుకు ఆరిందో ఎన్ని రకాలుగా ఆలోచించినా నాకు లెక్క తేలలేదు. వాణిని అప్పుడప్పుడు అడుగుతుంటాను. ఆమె కూడా తేలలేదనే అంటుంది.

వదిన మాత్రం ఎవరినీ ఏమీ అడగలేదు. అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం పై అంతస్తు చివరి దాకా పోయి, ఒక్కో తలుపూ తట్టి, లోపలున్న మనిషి పలికేదాకా నిలబడి వస్తుంది.