బావ మెదడు బొమ్మ

మా బావ రోజంతా మైకులో ఒకటే మాట చెబుతాడు: "కదలొద్దు." స్కానింగ్ సెంటర్లో మెదడు, వెన్ను, మోకాలు బొమ్మలు తీసే మెషీన్ ఆయనే నడుపుతాడు. లోపల పడుకున్నవాళ్ళు కాస్త తల తిప్పితే చాలు, అద్దం వెనకనుంచి కసురుకుంటాడు. వాళ్ళు కుక్కిన పేనల్లే పడుండాలి, తను మాత్రం కాలు కాలిన పిల్లిలా తిరగాలి. ఒక పేషెంటు లేచి ఇంకొకరు పడుకునేలోపు వెనక మెట్ల మీదకి పరుగు. ఆ గదిలోకి ఇనుప వస్తువేదీ తీసుకెళ్ళకూడదు. అందుకని ఆయన స్టీలు లైటరు, సిగరెట్ పెట్టె తలుపు బయట ప్లాస్టిక్ ట్రేలో ఉంటాయి. తీయడం, పెట్టడం, మళ్ళీ తీయడం. ట్రే అరిగింది గానీ అలవాటు అరగలేదు.

అదే సెంటర్లో ముందు బల్ల దగ్గర నేను కూర్చుంటాను. వచ్చినవాళ్ళ చేత ఉంగరాలు, గాజులు, వాచీలు తీయించడం నా పని. అక్క మొగుడు కాబట్టి ఆయన్ని ఏడిపించడం కూడా నా పనే.

"బావా, మెట్లకి అద్దె కడుతున్నావా?"

"నోర్మూసుకో మరదలా," అని పొగ పక్కకి వదులుతాడు.

ఈమధ్య ఆయనకి మాటలు దొరకడం లేదు. ఎదురుగా ఉన్న కత్తెర చూపించి "అదీ, అదే, కోసేది" అంటాడు. ఒకరోజు పేషెంటుని పడుకోబెట్టి, రోజూ చెప్పే ఆ ఒక్క మాటా నోటికి రాక, మైకు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఏదో అడగడానికి వెళ్ళిన నేను చూశాను. ముందు నవ్వొచ్చింది, వెంటనే భయమేసింది. సాయంత్రం అక్కకి చెప్పేశాను.

మా అక్కకి మాట తక్కువ, పట్టు ఎక్కువ.

"అందరి మెదళ్ళూ చూస్తారుగా. మీదెప్పుడు చూపిస్తారు?" అంది.

"నాకేమైందే? నిద్ర చాలట్లేదంతే."

"అయితే పడుకోండి. ఆ మెషీన్లోనే పడుకోండి."

తప్పించుకోగలిగినన్నాళ్ళు తప్పించుకున్నాడు. మెషీన్ బాగాలేదన్నాడు, పేషెంట్లు ఎక్కువన్నాడు. అసలు సంగతి భయం. మెదడులో గడ్డ ఉన్నా, నరం మూసుకుపోయినా, బొమ్మ కనబడగానే ముందు తెలిసేది ఆయనకే. పేషెంట్లకి చెప్పినట్టు "డాక్టరుగారు చెబుతారండి" అని తనకి తను చెప్పుకోలేడుగా! అది తెలిసి కూడా నాకు జాలి కలగలేదు, ఒళ్ళు మండింది. అక్క మొహం రోజురోజుకీ పీక్కుపోతోంది మరి.

చివరికి అక్కే వెళ్ళి మా డాక్టరమ్మని పట్టుకుంది. బొమ్మలు చూసి రిపోర్టు ఇచ్చేది ఆవిడే. సెలవురోజున రమ్మంది. ఆ పొద్దున అక్క ఆయన్ని ఒక్క సిగరెట్టూ ముట్టుకోనివ్వలేదు.

బావ బల్ల మీద పడుకున్నాడు. తల కదలకుండా మొహం మీద పంజరంలాంటి మూత బిగించాం. డాక్టరమ్మ మెషీన్ నడుపుతూ మైకు నా చేతికిచ్చింది. లోపల టకటకా మోత మొదలైంది. కాసేపటికే పాదాలు ఊగడం మొదలెట్టాయి. తర్వాత భుజాలు.

"బావా, కదలొద్దు," అన్నాను. ఎన్నాళ్ళుగానో అనాలనుకున్న మాట. కానీ అంటుంటే ఏమీ సరదాగా లేదు.

"కదలట్లేదే!" అని లోపల్నుంచి అరిచాడు. ఆ అరవడంలో తల కదిలింది.

బొమ్మ అలుక్కుపోయింది. రెండోసారీ అంతే. బయటికొచ్చేసరికి చొక్కా తడిసి ముద్దయింది, చెయ్యి ఖాళీ జేబు తడుముకుంటోంది.

"కొంచెం మత్తిచ్చి తీద్దామా?" అంది డాక్టరమ్మ.

ఒంటికాలి మీద లేచాడు. "మత్తు నాకొద్దు మేడమ్. ఒక్కటి... ఒక్కటంటే ఒక్కటి తాగొస్తా. తర్వాత రాయిలా పడుకుంటా."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. సిగరెట్ మెదడుని ఏం చేసిందో చూడ్డానికి ముందు సిగరెట్ తాగాలట!

డాక్టరమ్మ మాత్రం కోప్పడలేదు. "ఏళ్ళ తరబడి నికోటిన్ వస్తుంటే, దాన్ని అందుకోడానికి మెదడు తలుపులు ఎక్కువ పెట్టుకుంటుంది. రావడం ఆగితే ఆ తలుపులన్నీ ఒక్కసారిగా కొట్టుకుంటాయి. ఇది మీ మొండితనమని నేననను. అలాగని తాగమనీ చెప్పను. మాన్పించడానికి మందులున్నాయి. మొదలుపెట్టి వచ్చే వారం చూద్దాం."

"వచ్చే వారం ఈయన రారండీ," అంది అక్క.

అంటూనే లేచి తలుపు దగ్గరికెళ్ళింది. ట్రేలోంచి లైటరు, సిగరెట్ పెట్టె తీసింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ మా అక్క సిగరెట్ పెట్టెని చేత్తో తాకగా నేను చూడలేదు. చొక్కా ఉతికేటప్పుడు జేబులో కనబడితే చీపురుతో బయటికి తోసేది.

"పదండి," అంది.

"అక్కా! నీకేమైనా పిచ్చా?"

"మాన్పించడం తర్వాతే. ముందు లోపలేముందో నాకు తెలియాలి. రాత్రంతా ఈయన ఊపిరి వింటూ పక్కన పడుకోలేకపోతున్నాను."

వెనక మెట్ల మీద ఆయన తాగుతుంటే అక్క పక్కనే నిలబడింది. బావ తలెత్తలేదు. అంత సిగ్గుపడుతూ సిగరెట్ తాగినవాణ్ణి నేనెక్కడా చూడలేదు.

తర్వాత అన్నట్టుగానే రాయిలా పడుకున్నాడు. బొమ్మ అద్దంలా వచ్చింది. బయటికొచ్చి తెర వైపు చూడకుండా గోడకి తిరిగి నిలబడ్డాడు. "మీరే చెప్పండి మేడమ్."

"గడ్డ లేదు. నరాలేం మూసుకుపోలేదు," అందావిడ. అక్క కుర్చీలో కూలబడింది. "కానీ మీ వయసుకి మెదడు పైపొర కాస్త పలచగా ఉంది. సిగరెట్ వల్లేనని ఈ ఒక్క బొమ్మ చూసి అనలేను. ఎక్కువకాలం తాగినవాళ్ళలో ఇలా పలచబడటం పరిశోధనల్లో కనబడింది."

"మానేస్తే?" అడిగింది అక్క.

"కొంత మెల్లగా తేరుకోవచ్చు. ఏళ్ళు పడుతుంది. పూర్తిగా వస్తుందని మాటివ్వలేను. మందులు రాస్తాను. వచ్చే ఏడు మళ్ళీ తీసి, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం."

"మళ్ళీ కదలకుండా పడుకోవాలా?" అన్నాడు బావ.

"ఈసారి అది లేకుండా," అంది అక్క. లైటరు ఇంకా ఆవిడ గుప్పిట్లోనే ఉంది. తిరిగివ్వలేదు.

బావ మందులు మొదలెట్టాక, మొన్న చెప్పాపెట్టకుండా వాళ్ళింటికెళ్ళాను. మెట్లెక్కుతుంటేనే గిన్నెల మోత. కొట్టుకుంటున్నారేమోనని గాభరాగా తలుపు తోశాను. బావ చాప మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు, మొహం మీద కూరగాయల ప్లాస్టిక్ బుట్ట బోర్లించి ఉంది. అక్క తల దగ్గర పీట మీద కూర్చుని స్టీలు పళ్ళేన్ని గరిటెతో టకటకా వాయిస్తోంది. ఆయన కాళ్ళు వణుకుతున్నాయి. పిడికిళ్ళు బిగుసుకున్నాయి. నన్ను చూసి బుట్ట పక్కకి జరిపాడు.

"నువ్వైనా చెప్పవే మరదలా. చెవులు పోతున్నాయి. ఆ... అదీ... ఆ కొట్టేది..." వేలు గాల్లోనే ఆగిపోయింది. మొహమంతా వెతుకులాట.



"పళ్ళెం," అంది అక్క.

"పళ్ళెం," అన్నాడు బావ. "పళ్ళెం." బుట్ట తనే మొహం మీదకి లాక్కుని, చేతులు పక్కకి చాపి పడుకున్నాడు.

అక్క గరిటె ఎత్తింది.

"కదలొద్దు," అంది.