మొదటి వాన వదిలేయండి

మొన్న ఓ పాత మిత్రుడి షష్టిపూర్తికి మహారాష్ట్రలోని చంద్రపూర్ వెళ్లి, ఊరుకోలేక రాజురా అవతల నేనొకప్పుడు అద్దెకున్న పల్లెకూ వెళ్లాను. నేను కట్టించిన వాననీళ్ల తొట్టి అక్కడే ఉంది. అందులో ఇప్పుడు పశువుల మేత దాస్తున్నారు. దానిమీద ఎర్ర రంగుతో నేను రాసిన అక్షరాలు వెలిశాయి గానీ పోలేదు. వాటిని చూస్తే నామీద నాకే ఒళ్లు మండింది.

కొత్త ఫ్యాక్టరీలు పుట్టగొడుగుల్లా లేస్తున్న రోజులవి. సిమెంటు ఫ్యాక్టరీలో ఇంజనీరుగా కోస్తా నుంచి వచ్చి పడ్డాను. నాకు గది అద్దెకిచ్చినావిడను అందరిలాగే అవ్వా అనేవాణ్ణి. ఆ ఊరి బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉండేది. అవ్వ మనవరాలికి ఐదేళ్లు, అప్పుడే మోకాళ్లు వంకర తిరుగుతున్నాయి. “జర మా పిల్ల కాళ్లు నిలబెట్టు సారూ” అంది అవ్వ. ఇంకేం, నాకు పూనకమొచ్చింది. ఇంటి రేకుల అంచున గొట్టం, దాని కింద తొట్టి, మధ్యలో మురికినీళ్లు బయటికి వదిలే వాల్వు. మా ఫ్యాక్టరీ దుమ్మంతా ఏడాది పొడుగునా పేరుకునేది ఆ రేకులమీదే కదా! అందుకే “వాల్వు తెరిచి మొదటి వాన వదిలేయండి” అని తొట్టిమీద గుండ్రంగా రాశాను. ఊరంతా తెలుగే మాట్లాడేది; రాశాక మళ్లీ నోటితో చెప్పడమెందుకని నా తెలివి. “ముగ్గేసినట్టు మంచిగున్నయి సారూ” అని అవ్వ మెచ్చుకుంటే పొంగిపోయాను కూడా.

నేను సెలవులో ఉండగా తొలకరి పడింది. ఒక్క చుక్క పోనివ్వకుండా పట్టారు. దుమ్ము, పిట్టల రెట్ట అన్నీ తొట్టిలోకే. ఆ నీళ్లు తాగి పిల్ల వాంతులు, విరేచనాలతో వారం రోజులు ఆసుపత్రిలో పడి చావు తప్పించుకుంది. తిరిగొచ్చి, “రాసిపెట్టాను కదా అవ్వా!” అన్నాను.

“ఏం రాసినవో మాకేమెర్క సారూ? మా పోరలది మరాఠీ బడి.”

అప్పుడైనా చదివి చెప్పొచ్చు. చెబితే తప్పు నాదని తేలిపోతుంది. నోరు మూసుకుని, తొట్టి కడిగిస్తానని మాత్రం బతిమాలాను. “బోరు నీళ్లు కాళ్లు వంచుతయి గని, పానం దియ్యవు గద” అని అవ్వ గొట్టం పీకేయించింది. పిల్ల మళ్లీ బోరు నీళ్లే తాగింది. నాకు బదిలీ వచ్చింది, వెళ్లిపోయాను.

అవ్వ ఇప్పుడు లేదు. మనవరాలు కర్ర ఊతంతో, వంగిన మోకాళ్లమీద మెల్లగా గుమ్మంలోకి వచ్చింది. నన్ను గుర్తుపట్టి నవ్వింది. “గీడ ఏం రాసిన్రు సారూ? చిన్నప్పటిసంది అడుగుదామనుకుంటున్న” అంది. చదివి వినిపించాను. ఆమె ఆ అక్షరాల వంక చూసి, “గింతేనా?” అంది.

అంతే. అప్పుడైతే అర నిమిషం పట్టేది, నాకు పాతికేళ్ల పైనే పట్టింది.