టిఫిన్ డబ్బాలో బెల్లం ముక్క

శామీర్‌పేట అవతల అణు ఇంధనం తయారుచేసే ఫ్యాక్టరీ పెడుతున్నారనీ, చుట్టుపక్కల ఊళ్లవాళ్లను పనిలోకి తీసుకుంటారనీ తెలిసినప్పుడు మా ఇంట్లో పెద్ద గొడవే అయింది. పెట్టుకున్నది నేనే. మా ఆయనది పెళ్లికి ముందునుంచీ కంకర క్రషర్ మీద పని. పర్మినెంటు కొలువని ఆయన మురిసిపోతుంటే నాకు ఒళ్లు మండింది.

"గా ఫ్యాక్టరీల కంటికి కానరానిదేదో ఉంటదంట. పానం తీస్తదంట. దానికన్న గీ క్రషరే నయం," అన్నాను.

"క్రషర్ల ఏమున్నదే, వట్టి దుమ్మేనాయె," అని నవ్వాడు. "ఆడనైతే మాస్కులు, బట్టలు అన్నీ ఆళ్లే ఇస్తరు."

దుమ్ముకు మా దగ్గర మందుండేది. సాయంత్రం పని దిగాక బెల్లం ముక్క తింటే గొంతులో దుమ్మంతా దిగిపోతుందని క్రషర్ మీద అందరూ నమ్మేవాళ్లు. నేనూ నమ్మాను. మేడ్చల్ అంగట్లో మంచి బెల్లం ఏరి తెచ్చి, రోజూ ఆయన టిఫిన్ డబ్బాలో ఒక ముక్క పెట్టేదాన్ని. ఏనాడూ మర్చిపోలేదని నాకు కాస్త గర్వం కూడా.

చివరికి ఆయన మాటే నెగ్గింది. సామాను ఎత్తి దించే పనికి ఎంపికయ్యాడు. కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. ఇక మిగిలింది డాక్టరు పరీక్ష. పనిలో చేరేవాళ్లందరికీ ముందు ఛాతీ ఎక్స్‌రే తీస్తారు.

డాక్టరమ్మ ఫిల్మును లైటు ముందు పెట్టి చాలాసేపు చూసింది. రాళ్ల పనిలో ఉన్నారా అని అడిగింది. ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము పేరుకుపోయిందనీ, అది నయమయ్యేది కాదనీ, క్రషర్ పని ఇవాళే మానేయాలనీ చెప్పింది. ఈ కొలువు కూడా ఇక లేనట్టే.

"రోజూ బెల్లం తింటడమ్మా," అన్నాను.

"బెల్లం పోయేది కడుపులోకమ్మా," అంది మెల్లగా.

ఊళ్లో మాత్రం ఆ ఫ్యాక్టరీ వల్లే ఆయనకు జబ్బొచ్చిందంటారు. ఆయన అందులో ఒక్క పూట పనిచేసింది లేదు. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పెట్టింది, వాళ్ల చెవికి ఎక్కలేదు.

ఇల్లు గడవాలి కదా. వద్దని మొత్తుకున్న ఆ ఫ్యాక్టరీలోనే, క్యాంటీన్ పనికి ఇప్పుడు నేను పోతున్నాను. ఏటా మాకూ ఎక్స్‌రే తీస్తారు. ఈసారి ఫిల్ము అడిగి ఇంటికి తెచ్చాను. కిటికీ పక్కన మంచం మీద కూర్చున్న ఆయన "ఇటియ్యి" అని తీసుకుని, వెలుతురుకు పట్టి చూశాడు. తనది అన్నిసార్లు చూసుకున్నాడు, ఏది ఎట్లా ఉండాలో ఆయనకు తెలుసు.

"నీది సాఫ్‌గున్నది," అన్నాడు. ఆయాసం తగ్గేదాకా ఆగి, "మస్తు సాఫ్‌గున్నది," అన్నాడు. ఆ గొంతులో నిజమైన సంతోషమే ఉంది. నాకు ఏడుపు ఆగలేదు.

తర్వాత దగ్గు తెర వచ్చింది. అది తగ్గాక, ఎప్పటిలాగే బెల్లం ముక్క అడిగాడు. ఇచ్చాను.